ఇవాళ కాదు

“నా కొడుకుని చంపినవాడి ప్రాణం నాకు కావాలి,” అంది ముసలామె.

లాహోరు కోటలో ఆ రోజు ఫిర్యాదుల దర్బారు. నల్లటి బురఖాలో వచ్చి, అందరితో పాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చాకే నోరు విప్పింది.

“ఎవరు చంపారు?” అడిగాడు పాదుషా.

“నువ్వే.”

వాకిట కాపున్న బంట్రోతు వెండి బెత్తం ఎత్తాడు. “ఏయ్ ముసలీ! జహాపనాని ‘నువ్వు’ అంటావా? నాలుక కోయిస్తా!”

పాదుషా చేత్తోనే వాణ్ణి ఆపాడు. “చెప్పండి,” అన్నాడు ఆమెతో.

“చెప్పేదేముంది, నీకు తెలియనిదా? నా రుస్తుం నీమీద కత్తి ఎత్తాడు, నిజమే. ఓడిపోయాడు. ప్రాణానికి భయం లేదని ఖురాను మీద ప్రమాణం చేసి పిలిపించావు. పక్కన కూర్చోబెట్టుకుని పులావు తినిపించావు. వాడు చెయ్యి కడుక్కునేలోగా నీ మనుషులు మెడకి వింటినారి బిగించారు.”

అమీర్లు నేలచూపులు చూశారు.

ఆ పాదుషా ఎలాంటివాడో ఒక్క మాటలో చెప్పలేం. ఆ పొద్దున నమాజు కాగానే రెక్క విరిగిన పావురానికి తనే కట్టు కట్టాడు. అదే చేత్తో, ఏడుగురి తలలు తీయమన్న ఉత్తరువు మీద ముద్ర వేశాడు. ఇప్పుడు సింహాసనం దిగి, ముద్దాయిలా ఖాజీ ముందు నిలబడ్డాడు.

“ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తీర్పు చెప్పండి.”

ఖాజీ బుర్హానుద్దీన్ లేచి నిలబడ్డాడు. “అది చనిపోయినవాడి తల్లి ఇష్టం, హుజూర్. ప్రాణానికి ప్రాణం అడగొచ్చు. సొమ్ము పుచ్చుకోవచ్చు. మన్నించొచ్చు.”

పాదుషా తన కత్తిని ఆమె చేతిలో పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాడు.

ఆమె ఆ మెడకేసి చాలాసేపు చూసింది. కత్తి కింద పెట్టేసింది.

“మన్నించారా?” పాదుషా గొంతులో ఆశ.

“ఆ ఆశ పెట్టుకోకు. నీ సొమ్ము ముట్టను. నిన్ను మన్నించను. నీ ప్రాణం నాది, ఎప్పుడు తీసుకోవాలో నా ఇష్టం. శుక్రవారం శుక్రవారం కత్తి పట్టుకుని నా గుమ్మానికొచ్చి అడుగు.”

న్యాయం చెప్పినందుకు ఖాజీకి పాదుషా పట్టుశాలువ కప్పాడు. మర్నాడే ఆయనచేత మక్కా ప్రయాణం కట్టించాడు, మళ్ళీ రావద్దని.

శుక్రవారం రానే వచ్చింది.

“ఇవాళా?”

“ఇవాళ కాదు. పో.”

తొమ్మిదేళ్ళు అదే మాట. యుద్ధాలకి సేనాపతుల్ని పంపాడు తప్ప పాదుషా లాహోరు దాటలేకపోయాడు. పట్టుబడ్డవాళ్ళని బురుజుల మీంచి తోయించాడు. వాళ్ళ పిల్లలకి అన్నసత్రాలు కట్టించాడు. గురువారం వస్తే ముద్ద దిగేది కాదు. గడ్డం పూర్తిగా నెరిసిపోయింది.

ముసలామె మాత్రం గురువారాలు కడుపునిండా తినేది.

చివరికి ఆమె మంచం పట్టింది. ఆ శుక్రవారం పాదుషా మొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చాడు. మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు.

“ఏదో ఒకటి చెయ్యండి. నరకండి. లేదా మన్నించానని ఒక్క మాట అనండి. నన్నిలా వదిలేసి పోకండి.”

ఆమె అతని మొహంలోకి చూసింది. గోడవైపు తిరిగి పడుకుంది.

“ఇవాళ కాదు.”

పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

గోరీ తవ్వినవాడు ఆ ఊరికి కొత్త. గోతి అంచున నిలబడి జనంకేసి చూశాడు. “ఆడమనిషి గదయ్యా, లోపలికి దించడానికి రక్తసంబంధం ఉన్న మగవాడే కావాలి. ఈ తల్లికి ఎవరున్నారు?”

జనం పక్కకి తప్పుకున్నారు. పాదుషా చెప్పులు విడిచి గోతిలోకి దిగాడు. పైకి చేతులు చాచాడు.

“ఈమె కన్న ఇద్దరు కొడుకుల్లో మిగిలింది నేనే.”