మూడో ఫ్లాటుకి నక్షత్ర దోషం

“మూడో ఫ్లాటులో మనుషులు ఉంటున్నారా, లేదా? అదొక్కటి చెప్పండి,” అన్నాడు ఇన్సూరెన్స్ బ్రోకరు ఫోనులో.

బాలమురళి ఇరకాటంలో పడ్డాడు. ఉంటున్నారంటే అబద్ధం. లేరంటే పాలసీ ఆగిపోతుంది.

సిడ్నీ శివారు టూంగాబీలోని ఆ పాత ఇటుకల బిల్డింగులో ఉన్నవి నాలుగే ఫ్లాట్లు. నేల, కప్పు, మెట్లు నలుగురివీ. ఇన్సూరెన్స్ కూడా నలుగురికీ కలిపి ఒక్కటే. ఎవరి వాటా వాళ్ళు విడిగా చేయించుకోవడానికి లేదు. సెక్రటరీ పని ఎవరూ చెయ్యనంటే అది అక్కడే ఉంటున్న బాలమురళి మెడకి చుట్టుకుంది.

పోయిన చలికాలం ఇంకెక్కడో తాళం వేసిన ఫ్లాటులో వేడినీళ్ళ ట్యాంకు పగిలి, కింది ఇంటి సీలింగు కూలిందట. అప్పటినుంచి ఈ కంపెనీ పట్టుబట్టింది. ఖాళీగా పడి ఉన్న ఫ్లాటు ఒక్కటున్నా మొత్తం బిల్డింగుకి రెన్యువల్ చెయ్యదు.

“నెలాఖరు దాకా ఆగుతాను. తర్వాత గాలివానకి కప్పు లేచిపోయినా నన్నడగొద్దు,” అని బ్రోకరు పెట్టేశాడు.

మూడో ఫ్లాటు కేశవరావుది. ఆయన భార్య వసంత ఒకరోజు బాల్కనీలో చీర ఆరేసి, లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ధనిష్ఠా నక్షత్రంలో పోయింది కాబట్టి ఇల్లు ఆరు నెలలు మూసేయాలని చెప్పి, కర్మలు కాగానే కేశవరావు తాళం వేసేశాడు. పక్కనే ఉన్న గిరావీన్‌లో ఎవరి ఇంటి వెనకో ఒక గదిలో అద్దెకుంటున్నాడు. గడువు ఇంకా సగం కూడా కాలేదు.

బాలమురళికి ఒళ్ళు మండింది. కేశవరావు రైల్వే సిగ్నళ్ళు చూసి రిటైరైన ఇంజనీరు. అంత చదువుకున్న మనిషి నక్షత్రానికి భయపడి నలుగురి ఇళ్ళనీ గాలికి వదిలేస్తాడా?

మూడో ఫ్లాటు కిందే కౌసర్ ఉంటుంది. నీళ్ళొస్తే ముందు తడిసేది ఆమె ఇల్లే. ఆమెతో చెప్తే తనవైపు మాట్లాడుతుందనుకున్నాడు.

“అంకుల్‌ని పరేషాన్ చెయ్యకండి భాయ్,” అంది కౌసర్. “రోజూ సాయంత్రం వస్తడు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడి పైకి చూస్తడు. చాయ్ తాగుదాం రండి అంటే మెట్ల దాకా కూడా రాడు.”

“అదే నేను చెప్పేది. మూఢనమ్మకం అంత ముదిరిపోయింది,” అన్నాడు బాలమురళి.

శనివారం గిరావీన్ వెళ్ళాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. కేశవరావు కుర్చీ అతనికిచ్చి తను మంచం అంచున కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చూస్తే జాలేసింది. అయినా వచ్చిన పని చెప్పక తప్పలేదు.

అంతా విని కేశవరావు అడిగాడు. “బాల్కనీలో చీర ఉందా నాన్నా? మొన్న గాలికి పడిపోలేదు కదా?”

“ఉందంకుల్. ఎండకి వెలిసిపోయింది. తీయించమంటారా?”

“వద్దు. ముట్టుకోకూడదు.”

“పోనీ, తాళంచెవి నాకివ్వండి. వెళ్ళి నీళ్ళ కనెక్షన్ ఆపేసి వస్తాను. ఎవరినైనా అద్దెకి పెట్టినా ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకుంటారు.”

“అమ్మో, వద్దు. ఆ గడప ఇప్పుడెవరూ తొక్కకూడదు. దోషం నీకు తగులుతుంది. పిల్లలున్నవాడివి.”

బాలమురళికి ఓపిక పోయింది. “మీ నక్షత్రం కోసం మేమంతా రోడ్డున పడాలా అంకుల్? ఇరవై ఏళ్ళ లోన్ ఉంది నాకు. రేపు ఏదైనా అయితే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి?”

కేశవరావు తల దించుకున్నాడు. “తప్పే నాన్నా. మీకందరికీ అన్యాయం చేస్తున్నాను, నాకు తెలుసు. కానీ శాస్త్రం ఒప్పుకోదు కదా. నేనేం చెయ్యను?”

ఇంటికి వచ్చాక బాలమురళి ఆ మాటే అప్పజెప్పి చిందులు తొక్కాడు. భార్య భానుశ్రీ అంట్లు తోముతూ నిదానంగా అంది.

“శాస్త్రంతోనే తెరిపించు. ఆంటీ పోయింది ఇక్కడ కదా. పంతులుగారు ఇండియా పంచాంగం చూసి ఉంటే? సిడ్నీ టైముకి లెక్కేస్తే నక్షత్రం మారిపోవచ్చు.”

బాలమురళికి ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులో ఇండియా వాళ్ళతో రోజూ ఈ టైముల గొడవే, తనకెందుకు తట్టలేదో. టైము తేడా కలిసిరాకపోతే ఏ శాంతో చేయించి తలుపు తీయించవచ్చు. ఆ ఖర్చు తనే పెట్టుకుంటాడు. కేశవరావు మర్యాదగా ఇంటికొస్తాడు. పాలసీ దక్కుతుంది. గిరావీన్‌లో పెద్దాయనతో అలా మాట్లాడినందుకు మనసులో కలుక్కుమంటున్న బాధ కూడా పోతుంది.

వసంత కర్మలు చేయించిన సత్యనారాయణమూర్తి గారికి అప్పుడే ఫోన్ చేశాడు. ఇన్సూరెన్స్ సంగతి మొదలుకుని అన్నీ చెప్పాడు.

“మీరు ఇండియా టైముకి చూశారేమో పంతులుగారూ. ఇక్కడి టైముకి ఒక్కసారి చూసి పెట్టండి. ధనిష్ఠ కాకపోతే అందరం బతికిపోతాం.”

అవతల పంతులుగారు గొంతు తగ్గించారు.

“ఇది నేను చెప్పకూడదు. కానీ నలుగురి ఇళ్ళ సంగతి అంటున్నారు కాబట్టి చెప్తున్నాను,” అన్నారు సత్యనారాయణమూర్తి గారు. “ఏ టైముకి చూసినా ఆవిడ పోయింది హస్తా నక్షత్రంలోనే బాబూ, ఏ దోషమూ లేదు. ఇల్లు మూసేయాల్సిన నక్షత్రం ఏదో ఒకటి చెప్పండంటూ ఆ రోజు కేశవరావు గారే నా చేతులు పట్టుకుని ఏడ్చారు.”