కళ్లద్దాల బేరం

"ఇవి రెండు వేలక్కా. బేరం లేదు," అన్నాడు కళ్లద్దాల షాపువాడు.

నాకు ఒళ్లు మండింది. "చత్వారం అద్దాలకు రెండు వేలా? సూదిలో దారం ఎక్కించలేక వచ్చాను గానీ, కుట్టుమిషను తొక్కిన డబ్బు నీకు దోచిపెట్టడానికి కాదు."

గొంతు చించుకున్నాను. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. చివరికి ఏడుపుమొహం పెట్టి పన్నెండు వందలకు దిగాడు.

"మీతో వేగలేనక్కా. నాకేం మిగల్లేదు."

నోట్లు లెక్కపెట్టడానికి ఆ అద్దాలే పెట్టుకున్నాను.

ఎదురుగా వాటి డబ్బా ఉంది. ఇందాకటిదాకా చీమలబారులా కనిపించిన అచ్చు ఇప్పుడు అక్షరాలైంది. ధర ఆరు వందలు.

అతను గబుక్కున డబ్బా మీద చెయ్యి వేశాడు.

నోట్లు సంచిలో పడేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చెయ్యి తియ్యి తమ్ముడూ. ఇప్పుడు మొదలుపెడదాం బేరం. ఆరు వందల దగ్గర్నుంచి కిందికి."