తెల్లబండి రెండో పరుగు

ఆ రోజు పోలిరాజు ఇంట్లో ఉన్నది కొద్దిమందే. పక్కనున్న షెడ్డులో పోలిరాజు, సబ్బవరం నుంచి వచ్చిన నాగబాబు, ఇద్దరికీ స్నేహితుడు, మిషను తిప్పే ఎల్లారావు. వంటింట్లో చేపల పులుసు కాస్తూ పోలిరాజు భార్య సీతాలు. వరండాలో చాప మీద నాగబాబు భార్య గౌరీశ్వరి, ఆమె పక్కన రాధ. పదహారేళ్ల రాధ గొంతెత్తి మాట్లాడగా విన్నవాళ్లు లేరు.

వీళ్లు కాక రెండు పాత మారుతీ కార్లు. ఎర్రది పోలిరాజుది. తెల్లది నాగబాబుది.

ఇద్దరూ మెకానిక్కులే. గాజువాకలో ఒకే షెడ్డులో పని నేర్చినవాళ్లు. పందేలకు వెళ్లే కార్ల ఇంజన్లు విప్పి, బిగించి, వాటి సత్తా పెంచడం ఇద్దరికీ పిచ్చి. ఎవరి చెయ్యి గొప్పదన్న తగువు ముదిరి ముదిరి ఒప్పందం దాకా వచ్చింది. ఎవరి బండి సత్తా తక్కువైతే వాడు షెడ్డు ముందు బోర్డు దించెయ్యాలి. మళ్లీ పందెం బండి ముట్టకూడదు.

తేల్చడానికి పోలిరాజు దగ్గర డైనో అనే మిషను ఉంది. పోర్టు వేలంలో కొన్నాడు. కారు ముందు చక్రాల్ని దాని డ్రమ్ముల మీదికి ఎక్కిస్తారు. కారు కదలకుండా బెల్టులతో కట్టేస్తారు. యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు డ్రమ్ముల్ని తిప్పుతాయి. ఎన్ని గుర్రాల సత్తా ఉందో తెర మీద అంకె పడుతుంది.

ఎర్రబండి పొద్దున్నే ఎక్కింది. యాభై రెండు.

తెల్లబండి భోజనాలయ్యాక ఎక్కింది. నలభై తొమ్మిది.

"ఇంకేటి సూత్తావు బావా?" అన్నాడు పోలిరాజు మీసం దువ్వుతూ. "ఎల్లి బోర్డు దించీ. స్కూటర్లకి పంచర్లేసుకో."

నాగబాబు తెర వైపే చూస్తున్నాడు. అతని మొహంలో నెత్తురు లేదు. బోర్డు దించడానికి ఎవరి నిచ్చెన అడగాలా అని ఆలోచిస్తున్నట్టున్నాడు.

"ఇది లెక్కలోకి రాదు."

అందరూ తిరిగి చూశారు. రాధ లేచి నిలబడి ఉంది.

"మళ్లీ ఎక్కించు బాబాయ్," అంది ఎల్లారావుతో.

గౌరీశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "నీకెందుకమ్మా, మగోళ్ల గొడవ."

వంటింటి గుమ్మంలోంచి సీతాలు ఊరుకోమని కళ్లతోనే సైగ చేసింది. రాధ చెయ్యి విడిపించుకుంది.

"పొద్దున ఎర్రబండికి బానెట్ ఎత్తి, ముందర పెద్ద ఫ్యాను పెట్టారు. దీనికి బానెట్ మూసే తిప్పారు. ఫ్యాను ఏదీ?"

"సముద్రం గాలి సాలదేటి?" అన్నాడు పోలిరాజు.

"ఆ గాలి షెడ్డులోకి వస్తేగా. తెల్లబండి పొద్దుట్నించి ఎండలో ఉంది. బానెట్ మీద చెయ్యి వెయ్యలేం."

"ఎండకి వాడిపోడానికి అది ఇంజనా, తోటకూరా?"

"అయితే ఎర్రబండిని కూడా ఎండలో పెట్టండి."

ఎల్లారావు పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. పోలిరాజు మీసం మీంచి చెయ్యి తీశాడు.

"ఏటి బావా, నీకు వకీలు దొరికింది."

"ఒద్దులే తల్లీ," అన్నాడు నాగబాబు చిన్నగా. "నాను ఓడిపోనాను. నువ్వు మాట పడకు."

రాధ అతని మాట వినలేదు. వంగి తెల్లబండి ముందు టైరు నొక్కింది. "గాలి తక్కువుంది. బెల్టులు చూడండి, టైరు డ్రమ్ముకి అణిగిపోయింది. ఇంజను బలం టైరే తినేస్తే తెర మీదికేం వస్తుంది? ఎర్రబండికి ఇంత బిగించలేదు. నేను చూశాను."

"నువ్వూరుకుంటావా, నేదా?" అన్నాడు పోలిరాజు.

"ఊరుకోను."

 

ఎల్లారావు గొంతు సవరించుకున్నాడు. "పిల్ల అన్నది నిజమే, పోలిరాజూ. రెండూ చల్లారనీ. ఒకదాని ఎనక ఒకటి, ఒక్క తీరుగా తిప్పుదాం. నువ్వే నెగ్గితే ఇంక ఎవులూ నోరెత్తరు."

పోలిరాజు కాదనలేకపోయాడు. కాదంటే భయపడ్డాడంటారు.

రెండు కార్లనీ షెడ్డు నీడలో పక్కపక్కన పెట్టారు. స్టీలుప్లాంటు బస్సులు డ్యూటీ దిగినవాళ్లని దింపుకుంటూ వెళ్లే వేళకి రెండు ఇంజన్లూ చల్లబడ్డాయి. టైర్లలో గాలి గేజీ పెట్టి సమానం చేశారు. రెండు బానెట్లూ ఎత్తారు. ఒకటే ఫ్యాను, ఒకటే గేరు. బెల్టులు బిగించేటప్పుడు రాధ పక్కనే నిలబడింది. ఎవరూ పొమ్మనలేదు.

ముందు ఎర్రబండి. షెడ్డు రేకులు అదిరాయి. యాభై రెండు.

"సూసినారా," అన్నాడు పోలిరాజు. "నా బండికి పొద్దూ మాపూ ఒకటే."

తర్వాత తెల్లబండి. అంకె ఎక్కుతూ ఎక్కుతూ నలభై తొమ్మిది దాటింది. యాభై రెండు దగ్గర కాస్త తడబడింది.

యాభై మూడు.

నాగబాబు మెట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. గౌరీశ్వరి ఏడుస్తూ నవ్వింది.

పోలిరాజు నిచ్చెన తెచ్చుకుని, తనే ఎక్కి, తనే బోర్డు మేకులు ఊడబీకాడు.

"ఉంచీ బావా, ఏదో మాటవరసకి అనుకున్నాం," అన్నాడు నాగబాబు.

"నీ జాలి నాకొద్దు. నడు."

తెల్లబండి వీధిలోకి వెళ్లింది. వెళ్లేముందు గౌరీశ్వరి కారు కిటికీలోంచి చెయ్యి చాపి రాధ గడ్డం పుణికింది.  ఎల్లారావు ఆ కార్లోనే ఎక్కి పోయాడు.

రాధ షెడ్డు దాటి ఇంటి మెట్టెక్కింది. గుమ్మంలో పోలిరాజు అడ్డంగా నిలబడి ఉన్నాడు. తల దించుకుంటుందేమోనని చూశాడు. ఆమె దించలేదు.

"రేపు తిప్పినా అదే అంకె వస్తుంది," అంది.

"అయితే ఆళ్లింటికే పో," అని పోలిరాజు కన్నకూతురి మొహం మీద తలుపు వేసేశాడు.