తడబాటుకు స్కాలర్‌షిప్

ఆ రోజుల్లో ఇంటర్వ్యూలకు మనుషులు వెళ్లేవారు కారు. ఎవరి యంత్రం వారి తరఫున మాట్లాడేది. అడిగేదీ యంత్రమే. సాంకేతిక విద్య చదవాలనుకునే ఆడవాళ్లకిచ్చే స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ నాడు ఆదోని నాగవేణి యంత్రం మొరాయించింది. ఆ స్కాలర్‌షిప్ రాకపోతే చదువు లేనట్టే. చేసేది లేక తనే తెర ముందు కూర్చుంది. గొంతు వణికింది, మాట తడబడింది, ఒక ప్రశ్నకైతే "తెలీదండీ" అనేసింది.

"అద్భుతం! ఇంత సహజంగా తడబడే యంత్రాన్ని ఎవరు తయారుచేశారు?" అంది అవతలి యంత్రం.

"నేను మనిషినండీ."

"ఆ మాట కూడా ఎంత బాగా నేర్పారు! ఎవరో చెప్పండి."

నాగవేణికి ఒళ్లు మండింది. "మా అమ్మ ఈరమ్మ!"

వారం తిరక్కుండా స్కాలర్‌షిప్ మంజూరైంది, ఈరమ్మ పేరిట. మిరపకాయల తొడిమలు తీస్తున్న ఈరమ్మ కబురు విని, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కాలేజీ ఎప్పుడు తెరుస్తారంటమ్మే?" అంది.