పేరు అక్కర్లేదన్నారు

ఉదయగిరిలో కరెంటు పోయిందో లేదో, ప్రశాంత్ ఫోను మోగింది.

"ఏంది ప్రశాంతూ, మళ్లా పోయిందా? ఇంకా ఎన్ని టికెట్లు ఉండాయి?"

"ఏడు సార్."

"నంబర్లు చెప్పు."

చెప్పాడు. అవతల టక్కున పెట్టేశారు.

ఆ గొంతు టీమ్ లీడర్ రాజమోహన్‌ది. ఉండేది చెన్నై ఆఫీసులో, సొంతూరు ఉదయగిరికి దగ్గరే ఉన్న కొండాపురమట. రెండేళ్లుగా గొంతు వినడమే తప్ప, మనిషి నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో ప్రశాంత్ ఎరగడు.

ప్రశాంత్‌ది ఐటీ కంపెనీలో పని. ఎక్కడెక్కడి వాళ్ల కంప్యూటర్లకో వచ్చే తంటాలు ఇంట్లో కూర్చుని తీర్చాలి. ఒక్కో తంటా ఒక్కో టికెట్. సాయంత్రం ఆరులోపు తన వంతు ముగించకపోతే ఉద్యోగానికే ఎసరు.

కరెంటుతో పాటే నెట్టూ పోతుంది, ఆ సంగతి వెంటనే రాజమోహన్ తెర మీద కనబడుతుంది. మాట వినబడేంత సిగ్నల్ ఉంటుందే గానీ, పని సాగేంత ఉండదు. ఏం చేస్తాడు పాపం!

ఆ జీతం తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు. నాయన మాలకొండయ్య మోకాళ్లు అరిగి, గొర్రెల మందను అమ్మేసి ఏడాదైంది.

"ఎవుర్రా ఆయన? నేను గొర్రెల్ని కూడా ఇంతగా అదిలించలేదే!" అన్నాడు మాలకొండయ్య.

"మా మేస్త్రీలే నాయనా. కరెంటు పోతే నేను కొండ మీద తిరగతా ఉంటానని ఆయన అనుమానం."

పోయిన కరెంటు ఏ మూడు గంటల తర్వాతో వచ్చేది. అప్పటికి ఆ టికెట్లు వరసలో ఉండేవి కావు. వేరేవాళ్లకు పంచేసి ఉంటాడు, నేను చేతకానివాణ్ణని చూపించడానికే, అని పళ్లు కొరుక్కునేవాడు ప్రశాంత్.

ఆ నెల కంపెనీ అందరికీ ఒక ఫారం పంపింది. ఇక్కడ పని ఎట్లా ఉంది, మీ పైవాడు ఎట్లా ఉన్నాడు, మనసు విప్పి రాయండి, పేరు అక్కర్లేదు అన్నారు.

ఆత్మకూరు నుంచి అదే పని చేసే సుజన ఫోన్ చేసింది.

"ఏం రాస్తా ఉండావురా? నేనైతే అంతా బాగుండాదని రాసి పారేసినా."

"నీకేం తల్లీ, రాస్తావు. రోజూ పీక్కుతినేది నన్ను గదా!"

రాశాడు. కడుపులో ఉన్న కసంతా కక్కేశాడు. కరెంటు పోయిన ప్రతిసారీ ఫోన్ చేసి వేధిస్తాడు, నమ్మకపోతే ఫోన్ల రికార్డూ టికెట్ల రికార్డూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, అని కూడా రాశాడు.

పది రోజులకు రాజమోహన్‌ను తీసేశారు.

ఆ పూట ప్రశాంత్ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

కొత్త లీడర్ మర్యాదస్తుడు. కరెంటు పోయినా ఫోనే చేయడు.

కరెంటు వచ్చి చూసుకుంటే టికెట్లు ఎక్కడివక్కడే. గడియారం ఆరు దాటిపోయేది. ఒకరోజు ఐదు మిగిలాయి, మర్నాడు తొమ్మిది.

మూడో వారం రేణుకాదేవి ఫోన్ చేసింది. కంపెనీలో మనుషుల్ని పెట్టేదీ తీసేదీ ఆమే.

"ప్రశాంత్ గారూ, మీ టికెట్లు చాలా నిలిచిపోయాయి. ఇవాళ్టితో ఆఖరు. లాప్‌టాప్ తిరిగి పంపించేయండి."

పక్కనే నాయన వింటున్నాడు.

"కరెంటు రెండేళ్ల నుంచీ పోతానే ఉండాది మేడం! అప్పుడు ఒక్కటన్నా నిలిచిందా?"

"అయితే మీకు నిజంగానే తెలియదన్నమాట. ఆయన చెప్తే నేను నమ్మలేదు."

"ఎవురు మేడం? ఏం చెప్పినాడు?"

"ఎవరో పేరు లేకుండా రాస్తే రికార్డులు తీశాం. ఒకరి టికెట్లు ఇంకొకరు చేయడం మా దగ్గర ఉద్యోగం పోయే తప్పు. రెండేళ్లుగా మీ కరెంటు పోయిన ప్రతిసారీ మీ టికెట్లు మీ పేరు మీదే ముగించింది రాజమోహన్ గారు. అడిగితే, 'ఆ అబ్బాయికి ఏమీ తెలియదు, అతణ్ణి ఉండనివ్వండి' అని రాసిచ్చి వెళ్లిపోయారు."