రెండు గుర్తుల కణాలు

"ఈ కణాలు తీసేయమ్మా, అప్పుడే సంతకం పెడతాను," అంటూ డిపార్ట్‌మెంట్ హెడ్‌గారు మా మనవరాలి సిద్ధాంత గ్రంథాన్ని వెనక్కి తోశారు. ఆ సంతకం పడకపోతే పిల్లకు డాక్టరేటు లేదు.

పంది రక్తంలో రోగాలతో పోరాడే టి-కణాలను అది రకాలవారీగా వేరుచేసింది. వాటిలో సాయం చేసేవి కొన్ని, చంపేవి కొన్ని; ఒక్కో రకానికి పైన ఒక్కో గుర్తు ఉంటుంది. రెండు గుర్తులూ ఉన్నవి కూడా ప్రతి పందిలోనూ కనిపించాయి.

"అవి నిజంగానే ఉన్నాయి సార్. ఎన్నిసార్లు చూసినా వస్తున్నాయి."

"ఒక్క కణానికి రెండు ఉద్యోగాలా? మనుషులకే దిక్కులేదు, పందులకా! అంత నమ్మకముంటే వెళ్లి డీన్‌గారికి అప్పీలు చేసుకో."

మనవరాలు అక్కడే నిలబడి అప్పీలు రాసి, పక్కగదికి వెళ్లింది. డీన్ కుర్చీ ఖాళీగా ఉంది.

కాసేపటికి మధ్య తలుపు తెరుచుకుని హెడ్‌గారే వచ్చారు. కోటు గుండీలు పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నారు. పాత డీన్ రిటైరైనప్పటి నుంచి ఇన్‌చార్జి ఆయనే.

అప్పీలు మొదటిసారి చూస్తున్నట్టు ఆసాంతం చదివారు.

"నీకు అన్యాయమే జరిగినట్టుందమ్మా," అన్నారు మెత్తగా. "కానీ ఒకవైపే విని తీర్పు చెప్పకూడదు కదా. హెడ్‌గారిని కూడా ఓ మాట అడిగి చెబుతాను. రేపు రా."