గాలం నేర్పినవాడు

"అప్పుడే లాగకు బాబా! బెండు మునగనీ!"

మునగకముందే లాగేశాడు అబూ మాజిద్. కొక్కెం ఖాళీగా పైకొచ్చింది. పోశెట్టి తల పట్టుకున్నాడు. సౌదీలోని అభా డ్యాం చెరువు గట్టు మీద ఇది పదమూడో శుక్రవారం.

పందెం పెట్టింది ముసలాయనే. ఇరాక్ కువైట్ మీద పడ్డ నెలలో జగిత్యాల నుంచి ఉత్తరం వచ్చింది. పోశెట్టి భార్య దేవవ్వకు టీబీ ముదిరింది, వెంటనే రమ్మని. యుద్ధం భయానికి ఆయన తోటలో మిగతా పనివాళ్లిద్దరూ అప్పటికే వెళ్లిపోయారు. పోశెట్టి తన కఫీల్, అంటే యజమాని అబూ మాజిద్ కాళ్ల మీద పడ్డాడు. పాస్‌పోర్టు ఆయన దగ్గరే కదా!

"మీ వంశమంతా చేపలు పట్టేవాళ్లేనన్నావుగా," అని నవ్వాడు అబూ మాజిద్. "నాకూ నేర్పు. నా గాలానికి ఒక్క చేప పడ్డ రోజే నీ ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెడతా."

ఇంతేనా అనుకున్నాడు పోశెట్టి. ధర్మపురి గోదారిలో పుట్టి పెరిగినవాడికి ఇదో లెక్కా!

మైదా పిండిలో వెల్లుల్లి నూరి ఎర చేశాడు. పడలేదు. తోటలో తడి మట్టి తవ్వి వానపాములు తెచ్చాడు. పడలేదు. బెండు జానెడు కిందికి దింపి చూశాడు, మూరెడు పైకి జరిపి చూశాడు. పక్కనే పోశెట్టి గాలానికి అరచేతి వెడల్పు చేపలు టపటపా పడుతున్నాయి. ముసలాయన మాత్రం ఓసారి తొందరపడి లాగుతాడు, ఓసారి కూర్చునే కునుకు తీస్తాడు.

"మాలిష్, పర్లేదు! వచ్చే జుమాకు చూద్దాంలే," అంటాడు. ఏం పోయింది ఆయనకు!

"ఇసొంటి మొద్దు మనిషిని నా జిందగీల సూడలే," అని డ్రైవర్ మస్తాన్ వలీ దగ్గర మొత్తుకున్నాడు పోశెట్టి. "ముడి ఒక్కటే మంచిగ ఏస్తడు. అది గూడ నేను నేర్పిందే."

మస్తాన్ వలీది కడప. "రోంత ఓపిక పట్టుప్పా," అన్నాడు. "వయసు మీరినోడు, చేతులు యాడ ఆడతాయి? అరచేతుల నిండా ఆ కోతలు చూసినావా? ఒంటెల తాళ్లు కోసినాయంట."

జనవరిలో యుద్ధం మొదలైంది. ఖమీస్ వైమానిక స్థావరం వైపు నుంచి యుద్ధ విమానాలు చెవులు పగిలేలా లేస్తున్నాయి. అయినా శుక్రవారం తప్పలేదు. ఆ వారం పోశెట్టి కొత్త ఎత్తు వేశాడు. ముసలాయన చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. బెండు మునిగింది. ఇద్దరూ కలిసి లాగారు. చేప గట్టు దాకా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే అబూ మాజిద్ చెయ్యి వణికింది. గాలం తంగూసు దారం వదులై చేప నీళ్లలోకి జారిపోయింది.

పోశెట్టి ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు. "ఇంకొక్క వారం ఆగే దేవవ్వా!"

ఆమె ఆగలేదు. ఫిబ్రవరిలో టెలిగ్రాం వచ్చింది.

అబూ మాజిద్ కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చేప పడకుండానే సంతకం పెట్టాడు. రేకుపెట్టె తాళం తీసి, పాత కాగితాల అడుగు నుంచి పాస్‌పోర్టు లాగి ఇచ్చాడు. పోశెట్టి ఆ కోతలు పడ్డ చేతులను కళ్లకు అద్దుకున్నాడు.

"ఒక్క చేపను గూడ పట్టియ్యలేకపోయిన. మాఫ్ చెయ్యి బాబా," అన్నాడు.

యుద్ధం ఆగిన వారానికి మస్తాన్ వలీ అతన్ని విమానాశ్రయం దగ్గర దింపాడు. పాస్‌పోర్టు ఓసారి చూద్దామని తీసుకున్నాడు. ఏళ్ల తరబడి పెట్టెలో నలిగి, దాని వెనక అట్టకు ఇంకేదో చిన్న పుస్తకం అతుక్కుని ఉంది.

"అదేందన్నా?" అన్నాడు పోశెట్టి.

మస్తాన్ వలీ మెల్లగా ఊడదీశాడు. అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. పోశెట్టి ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు.

అది జీజాన్ రేవులో పాతికేళ్ల పాటు ఏటేటా ముద్ర వేయించుకున్న చేపల వేట లైసెన్సు, దాని మీద ఫొటో అబూ మాజిద్‌ది.